కిరసనాయిలు తాగిన సిలిండర్ హెడ్

ఢిల్లీలో సముద్రం లేదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ ఊళ్ళో ఉంటూ ఒక మెరైన్ ఇంజన్‌ను చంపిన ఘనత నాది. చంపడమంటే ఏదో కాస్త మొరాయించేలా చెయ్యడం కాదు. నడి యమునలో, పై అధికారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మరీ చంపాను. ఆ పని చేసిన ఇరవై మూడేళ్ళ వెధవ మీద నాకు ఇప్పటికీ జాలి లేదు. మీరూ జాలిపడకండి, అనవసరం.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. గుంటూరు జిల్లా నుంచి ఇంజనీరింగ్‌లో గోల్డ్ మెడల్ పుచ్చుకుని ఢిల్లీ వెళ్ళాను. జియా సరాయ్‌లో గది. ఆ మెడల్‌ను గోడకు మేకు కొట్టి తగిలించి, పొద్దున్నే దాన్ని ఓసారి చూసుకుంటే గాని బయలుదేరేవాణ్ణి కాదు. వరద పడవలు బాగుచేసే ఒక వర్క్‌షాపులో ఆరు నెలల ప్రొబేషన్ మీద ఉద్యోగం. మా పై అధికారి సుందరరాజు గారిది భీమవరం. "కుర్రాడికి నాది పూచీ" అని కాగితం మీద రాసి నన్ను చేర్చుకున్నది ఆయనే. అక్కడ రామ్‌ఫల్ అని ఓ పెద్ద మిస్త్రీ ఉండేవాడు. బడి మొహం చూసినవాడు కాదు, కానీ ఇంజన్ మీద చెయ్యి వేసి దాని రోగం చెప్పేవాడు. ఆయనంటే నాకెంత చులకనంటే, ఆయన ముట్టుకున్న స్పానరును గుడ్డతో తుడిచి గాని పట్టుకునేవాణ్ణి కాదు. చూశారా, చెబుతుంటేనే చెంప పగలగొట్టాలనిపిస్తోంది కదూ!

వానలకు ముందు పెద్ద పడవ సిద్ధం కావాలి. సరిగ్గా అప్పుడే నా ప్రొబేషన్ ముగుస్తుంది. పడవ నడిస్తే ఉద్యోగం ఖాయం, నడవకపోతే గుంటూరు రైలు.

ఆ పడవ ఇంజన్‌లో సిలిండర్లు రెండు వరుసలు, వరుసకో బరువైన ఇనప మూత. ఆ మూతనే సిలిండర్ హెడ్ అంటారు. అందులో ఒకటి పగిలింది. స్టోర్సులో పాత హెడ్లు రెండున్నాయి, పైకి చూస్తే కవలలు. తేడా అంతా లోపలి గుంటల్లో ఉంటుంది. గుంట పెద్దదైతే సిలిండర్లో గాలి, పెట్రోలు తక్కువ నలుగుతాయి, చిన్నదైతే ఎక్కువ నలుగుతాయి. ఆ నలుగుడు లెక్కకే కంప్రెషన్ రేషియో అని పెద్ద పేరు. మా పడవకు పెద్ద గుంటల హెడ్ కావాలి. చిన్న గుంటలది బిగిస్తే మామూలు పెట్రోలుతో ఇంజన్ గిలగిల్లాడి చస్తుంది.

రామ్‌ఫల్ రెండింటినీ అటూ ఇటూ తిప్పి చూసి, ఒకదాని మూల మీద బొటనవేలు ఆనించాడు.

"సాబ్, యే వాలా, ఇదే. పోత పోసినప్పుడే ఇక్కడ గుర్తు వేశారు, చూడండి."

"గుర్తుపట్టడానికి ఇదేమైనా పుట్టుమచ్చా? కొలిచి తేలుస్తాను," అన్నాను.

"ఠీక్ హై సాబ్. మీరు చదువుకున్నవాళ్ళు."

అది పొగడ్తే అనుకున్నాను. అంత తెలివి నాది!

హెడ్‌ను గుంటలు పైకొచ్చేలా బల్ల మీద తిరగేసి, గుంట మీద బెజ్జమున్న పలక అతికించి, గీతలున్న గాజు గొట్టంలోంచి కిరసనాయిలు పోశాను. గుంటలో ఎంత పడితే అంత లెక్క. పుస్తకం ప్రకారం పెద్ద గుంటలో డెబ్భై ఆరు మిల్లీలీటర్లు పట్టాలి. రామ్‌ఫల్ కాదన్న హెడ్‌లో సరిగ్గా డెబ్భై ఆరు పట్టింది! ఆయన ఔనన్నది తొంభై దాకా తాగింది.

"ఇది అరిగిపోయింది. తుక్కులో పడెయ్యి," అని తీర్పు చెప్పాను.

"సాబ్, నీచే తో దేఖియే. కింద ఓసారి చూడండి..."

"బల్లంతా తడి చేసింది నువ్వేనా? టీ ఇక్కడ పెట్టొద్దని చెప్పానా లేదా?"

"టీ కాదు సాబ్..."

"చాలు భయ్యా. లెక్కలో నోరు పెట్టకు."

నేను ఎంచిన హెడ్ మీద సుద్దముక్కతో పెద్దగా 'ఓకే' అని రాసి, కింద నా సంతకం కూడా పెట్టాను. నేరం చేసి సంతకం పెట్టే నేరస్థుణ్ణి మీరెక్కడైనా చూశారా?

పరీక్ష రోజున సుందరరాజు గారు తెల్ల చొక్కాలో పడవెక్కారు. నేను ఆయన ఎదురుగా స్టీరింగు పట్టుకుని, రామ్‌ఫల్ ఇంజన్ దగ్గర. రేవు దాటేదాకా బాగానే ఉంది.

"మిస్త్రీ వేరే హెడ్ చెప్పాడటగా?" అన్నారాయన.

"అంచనాలతో పని జరగదు సార్. నేను కొలిచాను."

"అచ్ఛా. అయితే వేగం పెంచు."

పెంచాను. ఇంజన్ లోపల ఎవరో సుత్తి పట్టుకుని బయటికి రావడానికి తలుపు బాదుతున్నట్టు ఒకటే మోత. రామ్‌ఫల్ "బంద్ కరో సాబ్!" అని అరిచాడు. నేను ఇంకా పెంచాను. ఢామ్మని ఓ చప్పుడు, నల్లటి పొగ, ఆ తర్వాత చచ్చినంత నిశ్శబ్దం. పడవ నీటివాలుకు పక్కకు తిరిగి వెనక్కి పోసాగింది. ఒడ్డున పుచ్చకాయలు కోసుకుంటున్న ఓ రైతు తాడు విసిరి మమ్మల్ని లాగాడు.

"భయ్యా, ఇంత మోటారు పెట్టారే, రెండు తెడ్లు పెట్టుకోలేకపోయారా?" అన్నాడు.

సుందరరాజు గారి చొక్కా అప్పటికి ఏ రంగులో ఉందో మీరు అడగకండి, నేను చెప్పను.

వర్క్‌షాపుకు రాగానే ఆయన నా లెక్కలన్నీ వరుసగా చూశారు. "లెక్కలో తప్పు లేదు. ఏదీ, ఆ రెండో హెడ్ తెచ్చి నా ముందు కొలువు," అన్నారు.

కొలిచాను. కిరసనాయిలు పోస్తున్నాను, పోస్తున్నాను, ఆయన ఎడమ చెప్పు తడిసింది. ఆయన వంగి హెడ్ అడుగున చెయ్యి పెట్టారు. వేలు తడిగా బయటికొచ్చింది.

"ఏవయ్యా, స్పార్క్ ప్లగ్గు రంధ్రం మూశావా?"

పాత మసి పేరుకుని సగం పూడిన ఆ రంధ్రం లోంచి కిరసనాయిలు చుక్కచుక్కగా జారిపోతూనే ఉంది. ఇది తొంభై తాగింది అందుకే. నేను ఎంచినదానిదీ అదే కథ: చిన్న గుంట, దానికి తోడు చిల్లు. రెండూ కలిసి నాకు డెబ్భై ఆరు చూపించాయి.

"పుస్తకంలో ఆ మాట లేదండీ," అన్నాను. నిజంగా అన్నాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాలుక కరుచుకుంటాను.

రామ్‌ఫల్ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "బచ్చా హై సాబ్, నేర్చుకుంటాడు," అని నా తరఫున బతిమాలాడు. అప్పుడు మాత్రం నిజంగా ఏడుపొచ్చింది.

మర్నాడు సుందరరాజు గారు పిలిచి కాగితం చేతికిచ్చారు. రైలు టిక్కెట్టుకు డబ్బులెలాగా అనుకుంటూ విప్పాను. ఉద్యోగం ఖాయం అని ఉంది!

"సార్! నిజంగానా?"

"మరేం చెయ్యమంటావు? నిన్ను బయటికి వదిలితే ఇంకెవరి ఇంజనో చంపుతావు. ఇక్కడైతే రామ్‌ఫల్ కాపలా ఉంటాడు. ఏడాదిపాటు నువ్వు అతనికి హెల్పరువి. స్పానర్లు నువ్వే తుడిచి అందించాలి."

ఆ రోజే, చచ్చిన ఆ ఇంజన్ మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఇక అడుగున చెయ్యి పెట్టి చూడకుండా దేనిలోనూ ఏదీ పొయ్యను. ఇప్పటికీ పాలు కాచాలన్నా ముందు గిన్నె పైకెత్తి, అడుగు తడిమి, దీపం వైపు పెట్టి చూస్తాను. మా ఆవిడ మొదట్లో నవ్వేది. ఇప్పుడు నన్ను వంటింట్లోకి రానివ్వడం లేదు.