ఉల్కాన్ కప్పాకు

సోన్‌కోల్ సరస్సు ఒడ్డున వేసవి మేతకు మందలతో దిగినవాళ్ల గుడారాల్లో ఎవరికి గాయమైనా ముందు ఉల్కాన్ దగ్గరికే పరుగెత్తేవారు. ఆమె మందు కప్పాకు. బాటల పక్కన, మంద తొక్కినా చావని కలుపు. దాన్ని రాతిమీద నూరి పుండుకు కట్టేది. అరవై దాటినా పన్నెండు ఆడగుర్రాల పాలు పితికే మనిషి. చెయ్యి ఎంత గట్టిదో మాటా అంత గట్టిది.

ఆ ఏడు కొత్తగా వచ్చిన వైద్యురాలు చోల్పొనాయ్ ఆ పచ్చటి ముద్దను చూసి ఫక్కున నవ్వింది.

"గొర్రెలు మేసేది మనుషులకు పూస్తావా పెద్దమ్మా?"

"గొర్రెకున్న బుద్ధి నీకూ వస్తుందిలే. ఇట్రా, చూపిస్తా."

జీను ఒరుసుకుని ఒక గుర్రానికి వీపు రెండువైపులా పుండ్లు పడ్డాయి. ఉల్కాన్ రెంటినీ ఉప్పునీళ్లతో కడిగి, ఎడమదానికి మాత్రం ఆకు కట్టింది. పదో రోజుకు ఎడమది ఎండి పక్కు కట్టింది. కుడిది ఇంకా చెమ్మగానే ఉంది.

"ఒక్క గుర్రంతో ఏం తేలుతుంది?" అంది చోల్పొనాయ్.

"తేలదు. పోయినేడు మూడింటికి ఇలాగే చేశా. రెంటికి పనిచేసింది. మూడోదానికి ఆకు కట్టినా కట్టకున్నా ఒకటే అయింది."

చోల్పొనాయ్ ఈసారి నవ్వలేదు. సంచిలోంచి పుస్తకం తీసి రాసుకుంది.

గడ్డికోతలప్పుడు పక్క గుడారం కుర్రాడు సమీదిన్ కుంటుకుంటూ వచ్చాడు. కొడవలి పాదంలో దిగి నాలుగు రోజులైంది. కాలు వాచి, ఎర్రటి చార మోకాలిదాకా పాకింది.

"ఆకు కట్టు పెద్దమ్మా, రేపు మళ్లీ కోతకు పోవాలి."

"కట్టను. ఇది నా ఆకుకు లొంగేది కాదు. నోరుమూసుకుని డాక్టరమ్మ బండెక్కు."

"నీ మందు మీద నీకే నమ్మకం లేదా?"

"నమ్మకం ఉంది కాబట్టే అదెంతవరకో తెలుసురా!"

పట్నం ఆసుపత్రిలో సమీదిన్ కాలు దక్కింది. వేసవి ముగిసి వెళ్తూ వెళ్తూ చోల్పొనాయ్ ఒక సంచెడు ఎండుటాకు వెంట తీసుకుపోయి, తాను చదివిన కళాశాలలో పరీక్షకు ఇచ్చింది. శీతాకాలంలో ఆమే మంచులో పడి, ఉల్కాన్ చలికాలం గడిపే ఊరికొచ్చి ఫలితం చెప్పింది: ఆకురసం గాజుపళ్లెంలో కొన్ని క్రిములను అణచింది, కొన్నింటిని అణచలేదు, ఇంకా పరీక్షించాలన్నారు.

ఉల్కాన్ ఆమె గిన్నెలో వేడి టీ పోసింది.

"మళ్లీ చూడాలన్నారా? అయితే తెలిసినవాళ్లే. ఈసారి రెండు సంచులు పట్టుకుపో."