పెళ్లిచూపుల బుట్ట

ఫ్రిజ్ తలుపు తీయగానే ఇడ్లీ పిండి పులిసిన వాసన గుప్పుమంది. గిన్నె వెనక వెండి రంగు పొట్లంలో కోకో పురుగులకు కట్టే ఎరలున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నా నాకు ఏ వాసనా రాదు. అయినా ఆ చల్లటి పొట్లం చేతికి తగిలితే చాలు, సుభద్రమ్మ గారు గుర్తొస్తారు. చల్లపల్లి దగ్గర వాళ్ల తోటలో కొబ్బరిచెట్ల నీడన కోకో పెంచేవారు. కాయలు కొట్టి గింజ తీసే కూలికి నేను అక్కడికి వెళ్లేదాన్ని.

ఒక ఏడాది కాయల మీద సూదితో పొడిచినట్టు నల్లమచ్చలు పడ్డాయి. దోమలా సన్నగా ఉండే పురుగొకటి రసం పీల్చేస్తోంది. వ్యవసాయ ఆఫీసరు ఒకాయన వచ్చి, పరీక్షించి చూడమని జిగురు అట్టలున్న బుట్టలూ, వాటిలో కట్టే ఎరలూ ఇచ్చి, “లింగాకర్షక బుట్టలు” అన్నారు. ఆడకూలీలమంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నాం. ఆయన వెళ్లాక సుభద్రమ్మ గారు మమ్మల్ని గట్టు మీద కూర్చోబెట్టి, ఆడపురుగు మగపురుగును పిలవడానికి ఒంట్లోంచి ఒక వాసన వదులుతుందనీ, అలాంటి వాసననే తయారుచేసి ఈ ఎరలో పెట్టారనీ విడమరిచి చెప్పారు.

“పెళ్లిచూపుల బుట్ట అనుకోండే. పెళ్లికొడుకులు బారులు తీరి వస్తారు. లోపల పిల్ల ఉండదు, జిగురుంటుంది. మగాళ్లంతా అక్కడే ఇరుక్కుపోతే ఇక సంతానమెక్కడిది?”

బుట్టలు కట్టాం. రోజులు గడుస్తున్నా ఒక్క పురుగూ అంటుకోక అట్టలు కడిగినట్టే ఉన్నాయి. తోటలో సగం వాటా ఆవిడ మరిది రంగారావు గారిది. ఆయన పురుగుమందు కొట్టే మనిషిని వెంటేసుకుని వచ్చారు.

“పురుగులకు సంబంధాలు చూస్తూ కూర్చుంటే కాపంతా పోతుంది వదినా. మందైనా కొట్టిద్దాం, కోకో అయినా పీకించేద్దాం.”

మందు కొడితే పూల మీద వాలే చిన్న ఈగలు కూడా చస్తాయనీ, అవి లేకపోతే పూత కాయ కట్టదనీ ఆవిడ చెబుతూనే ఒక బుట్ట దించి చూశారు. ఎర పచ్చగా ఉంది. ఎవరు రాశారని అడిగితే మాతో పనిచేసే రత్తమ్మ ముందుకొచ్చింది.

“పెళ్లిచూపులన్నారు కదమ్మా. పసుపు రాయకుండా పిల్లని ఎట్టా కూర్చోబెడతాం?”

రంగారావు గారు పడీపడీ నవ్వారు. సుభద్రమ్మ గారు కూడా నవ్వారు గానీ రత్తమ్మను ఒక్క మాట అనలేదు. ఆ పేరు పెట్టింది తనేననీ, తప్పు తనదేననీ అన్నారు. ఆదివారం దాకా ఆగమని మరిదిని ఒప్పించి నన్ను పిలిచారు.

“నాగమ్మా, ఏ చెట్టుకి ఏ బుట్టో నీకు గుర్తుంటుంది. ఇకనుంచి ఎర నువ్వే కట్టు. చేతికి నూనె వద్దు, పసుపు వద్దు. ఆ వాసన కలిస్తే మగపురుగు రాదు.”

సబ్బుతో చేతులు రుద్దుకుని, మిగిలిన ఎరలు అంచు పట్టుకుని కట్టాను. ఆదివారం పొద్దున బుట్ట దించితే అట్ట మీద నల్లగా పురుగులే. రంగారావు గారు అట్టను అటూ ఇటూ తిప్పి చూసి, మందు మనిషిని వెనక్కి పంపేశారు. మచ్చపడ్డ కాయలు ఎటూ పోయాయి. తర్వాత పడిన పిందెలు మాత్రం నున్నగా ఎదిగాయి. ఆఫీసరు మళ్లీ వచ్చి బుట్టలు ఎవరు చూస్తున్నారని అడిగితే ఆవిడ నా భుజం మీద చెయ్యేసి, “మా తోట పెళ్లిళ్ల పేరమ్మండీ” అన్నారు.

ఆవిడ ఇప్పుడు లేరు. ఆ తోటలో కోకో ఇంకా ఉంది. ఇప్పుడు ఎవరి తోటలో బుట్ట కట్టినా, పక్కనున్న ఆడవాళ్ల చేతులు ముందు తిప్పి చూస్తాను. ఇందాకే పామర్రు వైపు నుంచి ఎవరో రైతు బుట్టలు కట్టించాలని ఫోన్ చేసి, “పేరమ్మ గారేనాండీ?” అన్నాడు. నా అసలు పేరు చెప్పాలని నాకెప్పుడూ తోచదు.

“ఆఁ, నేనేనండీ” అని, సబ్బు కోసం లేచాను.