దుప్పట్లు ఆరేసిన షెడ్డు

నాకు అనుమానం ఎక్కువని ఇంట్లో అందరూ అంటారు. అననీ. ఉపగ్రహం తీసిన ఫొటోల మీద గీతలు గీసే ఉద్యోగంలో మా కోడలు చేరిన రోజే అడిగాను: "ఆకాశంలోంచి మన వాకిళ్లు చూడాల్సిన అవసరం ఎవరికొచ్చిందే?"

"పంటల బీమాకి అత్తయ్యా. వరదొస్తే ఎవరి పొలం మునిగిందో తెలియాలిగా," అంది.

నోట్లో నాలుక లేని పిల్ల. రెండేళ్లు వంచిన తల ఎత్తకుండా పొలాల గట్లు గీసింది. కళ్లు మండుతున్నాయని తడిగుడ్డ వేసుకుని పడుకునేది. పోయిన ఏడాది నది అవతలి దేశంతో గొడవ మొదలైంది. అప్పటినుంచి ఫొటోల్లో పొలాలు పోయి ఇళ్ల కప్పులు, వంతెనలు, ఆగి ఉన్న లారీలు వచ్చాయి. అదే కుర్చీ, అదే కంప్యూటరు. ఏది ఇల్లో ఏది గోదామో గుర్తు పెట్టాలట. ఇదీ వరద సాయానికేనని వాళ్ల ఆఫీసరు చెప్పాడట. మునిగిపోయేవాడికి లారీల లెక్కెందుకు? చెవిలో పువ్వు పెట్టడానికి మేమే దొరికామా!

ఒకరోజు కోడలు కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. నిలదీస్తే భోరుమంది. అవతలి ఒడ్డునున్న వాళ్ల అక్క ఇల్లు ఆ రోజు ఫొటోలో వచ్చిందట. ఇల్లంటే పెద్ద రేకుల షెడ్డు. బావ వడ్రంగి. ముందు సగంలో తలుపులు చేస్తాడు, వెనక సగంలో పిల్లలతో కాపురం. వాకిట్లో కలప లారీలు. పైనుంచి చూస్తే అచ్చం గోదామే. అవతల గోదాములు మనవాళ్ల బాంబులకు ఎలా తగలబడుతున్నాయో రోజూ టీవీలో చూస్తూనే ఉన్నాం.

"ఇల్లని పెట్టెయ్, పోతుంది!" అన్నాను.

"పెట్టాను అత్తయ్యా. కానీ ఒక్కో ఫొటో ఇద్దరికిస్తారు. ఆ రెండో మనిషెవరో మాకు చెప్పరు. వాళ్లు గోదామన్నారు. ఇద్దరి మాటా కలవకపోతే కొత్త ఫొటో వచ్చాక మళ్లీ చూస్తారు."

"ఇల్లని తేలేది ఎలా మరి?"

"ఆరేసిన బట్టలుంటే ఇల్లే. అది మా ఆఫీసు రూలు."

ఓసి పిచ్చిదానా అని ఫోను నేనే అందుకున్నాను. "అమ్మాయీ, ఉన్న దుప్పట్లన్నీ తడిపి వాకిలి నిండా ఆరెయ్. రోజూ." ఎందుకంది వాళ్ల అక్క. గోడలకే చెవులుంటే ఫోనుకుండవా? చెప్పింది చెయ్యమని పెట్టేశాను.

కొత్త ఫొటో వచ్చింది. ఇద్దరూ ఇల్లనే గుర్తు పెట్టారు. కోడలు నన్ను వాటేసుకుంది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

ఆ తర్వాతి ఫొటోలో ఆ వీధంతా దుప్పట్లే. అక్కకు సంగతి అర్థమై ఇరుగుపొరుగుకు చెప్పినట్టుంది. పిల్లలున్న ఇళ్లు, చెప్పకుండా ఎలా ఉంటుంది? కానీ ఊరి చివర సైన్యం లారీలు దాచుకున్న షెడ్ల ముందు కూడా దుప్పట్లు వరసగా వేలాడుతున్నాయట. ఆ మాట విన్నప్పుడే అనుకున్నాను, ఈ ఎత్తు ఇక ఎన్నాళ్లో సాగదని.

ఇవాళ కోడలు చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది. "రూలు మార్చారు అత్తయ్యా. ఇకనుంచి దుప్పట్లు ఆరేసిన ప్రతి షెడ్డూ గోదామేనట."

ఫోను చేశాను. దుప్పట్లు వెంటనే తీసెయ్యమన్నాను.

"ఇప్పుడేగా ఆరేశాను అత్తయ్యగారూ, నీళ్లు కారుతున్నాయి," అని నవ్వింది ఆ పిల్ల.

తడివైనా సరే, పిల్లల్ని తీసుకుని ఎటైనా పొమ్మని అరిచాను. కోడలు నా చేతిలోంచి ఫోను లాక్కుని తనూ అరిచింది. ఇంకా పొద్దుంది, ఆకాశంలో ఒక్క మబ్బు లేదు, గంటలో ఆరిపోతాయని వాళ్ల అక్క చెబుతోంది.