అత్తయ్య ఓటేస్తే అంతే సంగతులు

అత్తయ్యకు ఉన్నది ఒకటే పిచ్చి. టీవీ పాటల పోటీలో అందరికంటే వెనకబడ్డవాళ్ళకే ఓటు వేసేది. బాగా పాడేవాళ్ళ వైపు కన్నెత్తి కూడా చూసేది కాదు. శనివారం సాయంత్రం ఏడు కొట్టేసరికి కళ్ళజోడు తుడుచుకుని, సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని, ఈ వారం ఆ ముగ్గురు జడ్జీల చేత చీవాట్లు తినేది ఎవరా అని కాచుకుని కూర్చునేది. మనిషి దొరకగానే ఫోను అందుకునేది. అది మీటలు నొక్కే పాతకాలం ఫోను. ఒక్కో అక్షరానికి మూడేసి సార్లు నొక్కి, తప్పు పడితే మొదటికొచ్చి, చెమటలు కక్కుతూ ఓటు పంపేది. మర్నాటి కార్యక్రమంలో ఆ మనిషి పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయేవాడు.

ఒకసారి అయితే ఏదో అనుకోవచ్చు. పదమూడు వారాల్లో పదమూడు మంది వెళ్ళారు. ఐరన్ లెగ్గు గురించి అందరూ విన్నారు గానీ, ఐరన్ వేలు ఉంటుందని ఆ వీధి వాళ్ళకు అప్పుడే తెలిసింది.

నిజానికి ఆవిడ అత్తయ్య అయింది ఒక్క మేనకోడలికే. పై అంతస్తులో తమ్ముడి కాపురం. తమ్ముడి కూతురు మెట్ల మీంచి రోజుకు నలభైసార్లు "అత్తయ్యా" అని కేకేయడం విని విని, ఆ పిలుపు వీధి మొత్తానికీ అంటుకుంది. ఆవిడ పనిచేసే పోస్టాఫీసు కౌంటరు దగ్గర స్టాంపులు కొనేవాళ్ళు కూడా "అత్తయ్యగారూ, రెండు కవర్లు" అనేవారు. ఆవిడ ఠప్పున ముద్ర కొట్టి, "శనివారం పాటలు చూశారా?" అని అడిగాక గానీ కవర్లు ఇచ్చేది కాదు.

అవి టీవీ ఏం చెబితే వీధి అది చేసే రోజులు. పాడే కుర్రాడొకడు తలకు ఒక పక్క గీయించుకుని వచ్చాడు. వారం తిరక్కుండా వీధిలో పదకొండు తలలు ఒక పక్క బోడి అయ్యాయి. అత్తయ్య ఆ కుర్రాడికి ఓటేసింది, కుర్రాడు ఇంటికి పోయాడు. పదకొండు మందీ జుట్టు పెరిగేదాకా టోపీలు పెట్టుకుని తిరిగారు. పిల్లలు అన్నం తింటూ, "ఉప్పు బాగుందమ్మా, కానీ నీ స్థాయికి ఇది సరిపోలేదు" అని తీర్పులు చెప్పేవారు. లెక్కల మాస్టారు తప్పిన పిల్లలను తిట్టడం మానేసి, "నువ్వు డేంజర్ జోన్‌లో ఉన్నావు" అని బాధగా తల పంకించడం మొదలుపెట్టారు. గడియారాలు బాగుచేసుకునే మామయ్య కూడా కంటికి పెట్టుకున్న భూతద్దం తీయకుండానే, "ఈ వారం ఇంట్లో డేంజర్ జోన్‌లో ఉన్నది నేనేనా?" అని అడిగేవాడు.

"మీరెప్పుడూ అందులోనే ఉన్నారు. అందుకేగా మిమ్మల్ని చేసుకున్నాను" అనేది అత్తయ్య.

ఒకనాడు పళ్ళ డాక్టరు చేతులు నులుముకుంటూ వచ్చాడు.

"అత్తయ్యగారూ, ఆ పొడుగు జడ అమ్మాయంటే మా ఆవిడకి ప్రాణం. దయచేసి ఆ పిల్లకి మాత్రం ఓటెయ్యకండి."

"శుభ్రంగా పాడుతోంది కదండీ. ఆ పిల్లతో నాకేం పని?"

డాక్టరు గుండె మీద చెయ్యి వేసుకుని వెళ్ళిపోయాడు. అసలు కష్టం దర్జీది. పోటీలో ఎవరు ఏం వేసుకుంటే వీధి ఆడపిల్లలకు అదే కావాలి. ఒక వారం బుట్టచేతులు, ఇంకో వారం ఒక చెయ్యి పొట్టి, ఒక చెయ్యి పొడుగు. తీరా బట్టలు కుట్టేసరికి అవి వేసుకున్న అమ్మాయి పోటీలోంచి వెళ్ళిపోయేది. ఆ బట్టలు తీసుకెళ్ళడానికి ఇక ఎవరూ వచ్చేవారు కాదు. అందుకని దర్జీ గుడ్డ మీద కత్తెర పెట్టేముందు అత్తయ్య కిటికీ దగ్గరికి వచ్చేవాడు.

"అత్తయ్యగారూ, ఈ వారం మీ ఓటు ఎవరికి?"

"ఆ బుట్టచేతుల పిల్లకే. పాపం, గొంతు జీరపోయింది."

"అయ్యో! ఏడు జతలు కోసేశానండీ!" అని దర్జీ నెత్తి కొట్టుకునేవాడు.

అలా మిగిలిపోయిన బట్టల్లోంచి అత్తయ్య తనకు తగినవి ఏరి తెచ్చుకునేది. సుబ్బరంగా అవే వేసుకుని పోస్టాఫీసుకు వెళ్ళేది. ఎడమచెయ్యి పొట్టి, కుడిచెయ్యి పొడుగు వేసుకుని ముద్రలు కొడుతుంటే జనం చూసి నవ్వుకునేవారు. మేనకోడలికి మాత్రం తల కొట్టేసినట్టుండేది. పదిహేనేళ్ళ పిల్ల, స్నేహితుల ముందు మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

ఆ పదమూడో వారంలోనే వీధి సంఘం వాళ్ళకు బుద్ధి పుట్టింది. మనమూ ఒక పాటల పోటీ పెడదాం, మనమూ జడ్జీలను కూర్చోబెడదాం, మనమూ వారానికి ఒకరిని ఇంటికి పంపిద్దాం అన్నారు. గ్రంథాలయం మీది హాల్లో కుర్చీలు వేశారు. చెప్పుల డబ్బాకు కన్నం పెట్టి ఓట్ల పెట్టె చేశారు. పళ్ళ డాక్టరు, దర్జీ, లెక్కల మాస్టారు జడ్జీలు. పాడేవాళ్ళు నలుగురు, వాళ్ళలో మేనకోడలు ఒకతి. మూడేళ్ళుగా పాట నేర్చుకుంటోంది. నలుగురి ముందు నిలబడి పాడటం అదే మొదలు. గెలిస్తే సరే, గెలవకపోయినా మొదటి వారమే వెనక్కి రాకూడదన్నది ఆ పిల్ల ఆశ.

శుక్రవారం సాయంత్రం మొదటి చరణం హాయిగా పాడింది. రెండో చరణం దగ్గర హాల్లో ఎవరో తుమ్మారు. మాటలు ఎగిరిపోయాయి. ఏం చెయ్యాలో తోచక మొదటి చరణమే మళ్ళీ మొదలుపెట్టింది. జడ్జీలు టీవీలో చూసినట్టే కలాలు కొరికారు. లెక్కల మాస్టారు, "డేంజర్ జోన్" అన్నారు.

ఓట్ల చీటీలు పంచుతుంటే మేనకోడలు పరుగున వచ్చి అత్తయ్య చెయ్యి పట్టుకుంది.

"అత్తయ్యా, నీకు దణ్ణం పెడతా. నాకు మాత్రం ఓటెయ్యకు."

అత్తయ్య అప్పటికే కలం మూత తీసింది. పిల్ల మొహం వంక ఒక్క క్షణం చూసి, మూత పెట్టేసింది.

"సరేలేవే. వెయ్యను."

చీటీలు విప్పి పైకి చదివారు. మొత్తం నలభై ఆరు. మేనకోడలికి వచ్చినవి సున్నా. సంఘం అధ్యక్షుడు డబ్బా తలకిందులు చేసి మరీ చూశాడు. ఇంకేం రాలలేదు.

జరిగిందేమిటంటే, అందరూ ఒకటే అనుకున్నారు. "అత్తయ్య ఎలాగూ వేస్తుంది కదా అనుకున్నానే" అంది తల్లి, పక్కింటి పిల్లవాడికి ఓటేసి వచ్చి. "అక్కయ్య వేశాక మనం వేసి లాభమేముందిలే అనుకున్నాను" అన్నాడు తండ్రి. దర్జీ మాటా అదే. నలభై ఆరుగురూ అత్తయ్య ఓటు మీద అంత భరోసా పెట్టుకున్నారు. ఆ ఒక్క ఓటూ పడలేదు.

మేనకోడలు ఇంటికొచ్చి పాటల పుస్తకం బీరువా మీదికి విసిరేసింది. ఇక పాడనంది. శని, ఆదివారాలు గది తలుపు తీయలేదు. కింద ఏడు గంటలకు టీవీ మోగితే చెవుల్లో దూది పెట్టుకుంది.

సోమవారం పోస్టుమాను ఒక కార్డు ఇచ్చి వెళ్ళాడు. ఆ పిల్ల పేరిట ఉత్తరం రావడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

"గాయని గారికి నమస్కారం. శుక్రవారం మీ పాట విన్నాను. రెండో చరణం మర్చిపోయి మొదటిదే మళ్ళీ పాడారు. నాకు ఆ చరణమే ఇష్టం. రెండోసారి ఇంకా బాగా పాడారు, భయం తగ్గి గొంతు విచ్చుకుంది. జడ్జీలు కలాలు కొరుకుతూ ఆ సంగతి గమనించలేదు, కనుక నేను చెబుతున్నాను. పాట మానకండి. ఇట్లు, మీ అభిమాని."

మేనకోడలు రెండేసి మెట్లు దూకుతూ కిందికి వచ్చింది.

"ఇది రాసింది నువ్వే కదూ?"

"రోజుకి వెయ్యి కార్డులు నా చేతిమీదుగా పోతాయి. అన్నీ నేనే రాస్తానా?"

"అత్తయ్యా! ఓటెయ్యనని మాటిచ్చావు కదా?"

"ఓటు వెయ్యద్దన్నావు. కార్డు రాయద్దని అనలేదుగా!"

మామయ్య భూతద్దం తీసి, గడియారాల బీరువాలోంచి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. "మీ అత్తయ్య చెప్పదు. ఇది చూడు" అన్నాడు. డబ్బా నిండా ఉత్తరాలు. టీవీ పోటీలోంచి వెళ్ళిపోయినవాళ్ళందరికీ అత్తయ్య చానెల్ చిరునామాకు కార్డులు రాసింది. తొమ్మిదిమంది జవాబిచ్చారు. బుట్టచేతుల అమ్మాయి, "మీరు కూడా బుట్టచేతులే వేసుకుంటున్నారని చదివి మా ఇంట్లో అందరం నవ్వుకున్నాం. ఇంటికొచ్చాక నవ్వడం అదే మొదలు" అని రాసింది. ఒక పక్క గీయించుకున్న కుర్రాడు, "జుట్టు వచ్చింది. గొంతు కూడా వచ్చింది" అని రాశాడు.

మేనకోడలు ఆ ఉత్తరాలన్నీ చదివింది. వాటిని డబ్బాలో సర్దుతూ అడిగింది.

"ఓడిపోతారని తెలిసీ ఎందుకేస్తావు అత్తయ్యా?"

"గెలిచేవాళ్ళకి ఊరంతా ఉందే. లక్ష ఓట్లలో నాదొకటి పడితే ఎవరికి తెలుస్తుంది? ఆఖరివాళ్ళకి పడితే వాళ్ళకి కనబడుతుంది." అత్తయ్య గొంతు కాస్త తగ్గింది. "శుక్రవారం ఆ డబ్బా తిరగేసినప్పుడు నా చెయ్యి నేనే విరగ్గొట్టుకుందామనిపించింది. ఇంకెప్పుడూ అలాంటి మాట తీసుకోకే నా దగ్గర."

మేనకోడలు అలాంటి మాట మళ్ళీ తీసుకోలేదు. పైకి వెళ్ళి బీరువా మీంచి పాటల పుస్తకం దించింది.

ఇప్పుడు ఆ వీధిలో ఇంటికి నాలుగు ఫోన్ల తెరలు. ఎవరి పాట వాళ్ళ చెవిలోనే మోగుతుంది, ఎవరు ఓడారో పక్క గదివాళ్ళకు కూడా తెలియదు. పిల్లలకు పాట నేర్పే మేనకోడలికి మాత్రం శనివారం ఏడయితే ఇప్పటికీ ఆ సోఫా గుర్తొస్తుంది. ఆ కార్డు అందిన వారం, శనివారం నాడు అత్తయ్య పక్కన తనూ కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది. తెర మీద బక్కపల్చటి అబ్బాయి ఒకడు శ్రుతి తప్పి, జడ్జీల ముందు తల వంచుకుని నిలబడ్డాడు. అత్తయ్య ఫోను తీసి కళ్ళజోడు వెతుక్కుంటుంటే మేనకోడలు లాక్కుంది.

"ఇటివ్వు. నువ్వు నొక్కేసరికి తెల్లారుతుంది."

కిటికీలోంచి దర్జీ తల కనిపించింది. చేతిలో కత్తెర.

"అత్తయ్యగారూ, ఈ వారం ఎవరికండీ? గళ్ళచొక్కా అబ్బాయికి కాదు కదా? గళ్ళగుడ్డ రెండు తానులు దించానండీ!"

మేనకోడలు ఓటు పంపేసి తలెత్తింది.

"అత్తయ్యకి ఒకటి, మామయ్యకి ఒకటి, నాకొకటి. కొలతలు తీసుకోండి."