అమ్మ పొడిచిన నెమళ్ళు

నాకు రెండేళ్ళప్పుడు మా అమ్మ జ్వరంతో పోయింది. ఆమె గురించి మా ఇంట్లో చెప్పేవి రెండే మాటలు. వికారాబాద్ దిక్కు రైతుల బిడ్డ. మంచిది. పెండ్లి ఫోటో ఒకటి ఉంది గానీ అందులో తల వంచుకొని ఉంటుంది, ముఖం సరిగా కనబడదు. ముప్పై రెండేళ్ళు వచ్చేదాకా నాకు తెలిసింది అంతే. ఎక్కువ అడగలేదు కూడా. నాయనమ్మ పెంచింది, నాయిన మళ్ళీ పెండ్లి చేసుకోలేదు, నాకు ఏ లోటూ తెలియలేదు.

హైటెక్ సిటీలో మా ఆఫీసు తొమ్మిదో అంతస్తు. అక్కడ పాంట్రీ చూసుకునే పెద్దామె ఒకరున్నారు. యూనిఫాం పొడుగు చేతులది కావడంతో రెండేళ్ళుగా రోజూ చూస్తున్నా ఆమె చేతులు చూడలేదు నేను. పోయిన ఎండాకాలం ఏసీ చెడిపోయిన రోజు, యూనిఫాం చేతులు పైకి మడుచుకొని కప్పులు కడుగుతోంది. ముంజేతి మీద పచ్చబొట్టు. మెడ వెనక్కి తిప్పి తన తోక తనే చూసుకుంటున్న నెమలి. తోకలో ఈకలకు బదులు జొన్నకంకులు.

అచ్చం అదే నెమలి మా నాయనమ్మ చేతిమీద ఉంది. చిన్నప్పుడు ఆ కంకులు వేలితో తడుముతూ నిద్రపోయేదాన్ని.

"ఇది ఎవరు పొడిచిన్రమ్మా?" అని అడిగాను.

"నా పెండ్లికి ముంగట పొడిపిచ్చుకున్న మేడం. అక్కచెల్లెండ్లు ఇద్దరు ఊరూరు తిరుక్కుంట వస్తుండె. చిన్నామె చెయ్యి మంచిదని అందరం ఆమె ముంగటనే కూసునేటోళ్ళం." ఆమె నవ్వింది. "కోపం జాస్తి ఆమెకు. జర కదిల్తె చాలు, 'కదలకు, నెమలి కోడైతది' అని కసురుతుండె."

"ఇప్పుడు యాడున్నరు?"

"పెద్దామె ఎటు పోయిందో తెల్వదు. చిన్నామెను కోకాపేటల రైతుల పిలగాడు చేసుకున్నడు. మస్తు లొల్లి అయ్యిందట. ఒక ఆడపిల్ల పుట్టినంక జరమొచ్చి సచ్చిపోయిందని విన్నం, పాపం."

మాది కోకాపేటే. ఇప్పుడు టవర్లు లేచినచోట మా జొన్నచేను ఉండేది. నీళ్ళ సీసా నింపుకోకుండానే వెళ్ళి సీట్లో కూర్చున్నాను. సాయంత్రం దాకా ఏం పని చేశానో గుర్తులేదు.

మణికొండలో మా ఫ్లాట్‌కు చేరేసరికి నాయనమ్మ బాల్కనీలో చిక్కుడుకాయ తుంచుతోంది. పక్కన కూర్చొని ఆమె చెయ్యి నా ఒళ్ళోకి తీసుకున్నాను.

"నాయనమ్మా, ఈ నెమలిని పొడిచింది మా అమ్మనా?"

రెండో చేత్తో చిక్కుడుకాయల గిన్నె పక్కకు జరిపింది. నా ఒళ్ళో ఉన్న చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"మీ తాత ఒట్టు పెట్టిచ్చుకున్నడు, ఇంట్ల ఆ ముచ్చట ఎత్తొద్దని," అంది. "ఇగ ఆయన పోయి ఆరేండ్లాయె."

నాయనమ్మ ఆ నెమలిని పొడిపించుకున్న రోజు మా నాయిన అక్కడే అరుగు మీద ఉన్నాడట. చేనుకు పోవాల్సినవాడు పోలేదు. మరుసటి వారం ఆ అక్కచెల్లెళ్ళు పక్క ఊర్లో ఉన్నారని తెలిసి అక్కడికి పోయాడు, ఆపై వారం ఇంకో ఊరికి. చివరికి గుళ్ళో పెండ్లి చేసుకొని తీసుకొస్తే, తాత ఇంట్లోకి రానిస్తూ రెండు షరతులు పెట్టాడు. సూది ముట్టొద్దు. ఎవరడిగినా వికారాబాద్ దిక్కు రైతుల బిడ్డనని చెప్పాలి.

"ఒప్పుకున్నదా అమ్మ?"

"ఒప్పుకున్నది. ఒక నెల." నాయనమ్మకు నవ్వాగలేదు. "ఊర్ల ఆడోళ్ళు ఊకుంటరా? మీ తాత చేనుకు పోంగనె ఎనుక తలుపు కొడుతుండిరి. మీ అమ్మ లోపట పొడుస్తుంటె నేను వాకిట్ల కూసోని బియ్యం ఏరుతుంటి. తాత వస్తుంటె దగ్గుతుంటి. పచ్చబొట్టుకు దీపం మసి పట్టి ఇచ్చేది గూడ నేనే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"బడిల నిన్ను ఎవలన్న ఏమన్న అంటరేమోనని మొదాలు చెప్పలే. తర్వాత చెప్పకపోవుడే అలవాటైంది బిడ్డా."

కోపం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు. ఏడుపొచ్చింది. అంతకుముందు అమ్మ కోసం ఏడ్చిన గుర్తులేదు నాకు. ఏడవాలన్నా మనిషి తెలియాలి కదా. నెమలి కోడైతదని కసిరిన ఆ మనిషి ఇప్పుడు నాకు కొంచెం తెలుసు.

మర్నాడు పాంట్రీ అమ్మకు విషయం చెప్పాను. ఆమె నా చెంప నిమిరి ఊరుకోలేదు, తనకు తెలిసిన వాళ్ళందరికీ కబురు పెట్టింది. మణికొండలో ఆకుకూరలమ్మే ఆమె, రింగు రోడ్డు పక్కన నర్సరీలో మొక్కలకు నీళ్ళు పట్టే ఆమె, ఇంకా ఎందరో. వానలు మొదలయ్యేసరికి నా ఫోన్లో పద్నాలుగు చేతుల ఫోటోలు చేరాయి. నర్సరీ ఆమె చెయ్యి లావెక్కి నెమలి కూడా సాగింది. "మీ అమ్మ పొడిచినప్పుడు బక్కగుండె. నాతోని తిని తిని బలిసింది," అంది.

నాయినకు చూపించడానికే భయపడ్డాను. ఒక ఆదివారం నేను కారు నడుపుతూ చుట్టాలింటికి పోతుంటే, రింగు రోడ్డెక్కాక, పక్క సీట్లో ఉన్న ఆయన చేతికి ఫోన్ ఇచ్చాను. ఒక్కొక్క ఫోటో పెద్దది చేసి చూశాడు. "ఇది మీ అమ్మది గాదు, వాళ్ళ అక్కది," అన్నాడు ఒక దగ్గర. తర్వాత ఫోన్ ఒళ్ళో పెట్టుకొని మాట్లాడటం మొదలుపెట్టాడు. అమ్మ చింతచిగురు కోసం చెట్టెక్కిందట. నేను పుట్టినప్పుడు నా పాదం చూసి, ఇంత చిన్న జాగల ఏ బొమ్మ పడుతదని నవ్విందట. ఆయన గొంతులో అంత హుషారు నేనెన్నడూ వినలేదు. మేం రింగు రోడ్డు దిగాల్సిన మలుపు దాటిపోయింది. ఆయన చూడలేదు, నేను చెప్పలేదు.