గోరింకను జర కూసోమను

మా ఇంట్లో దయ్యాలకు భయపడేది మా నాన్న ఒక్కడే. ఝరాసంగంలో పొలం పని ముగించుకుని, పొద్దుగూకక ముందే షేర్ ఆటోలో ఇరుక్కునైనా జహీరాబాద్ చేరిపోయేవాడు. నేనూ మా చెల్లెలు మౌనికా ఆయన్ని తెగ ఆటపట్టించేవాళ్లం. నేను పనిచేసేది రక్తపరీక్షలు చేసే ల్యాబ్‌లో. రిపోర్టు చేతికొచ్చేదాకా జ్వరాన్ని కూడా నమ్మని మనిషిని. ఇది చదివి మీరు నవ్వితే నాకేం కోపం రాదు. మీ చోట ఉంటే నేనూ నవ్వేదాన్నే.

మౌనికకు చిన్నప్పటి నుంచీ గుండె జబ్బు. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. డిగ్రీ మధ్యలో ఆపేసి ఇంటిపట్టునే ఉండేది. పెళ్లిళ్లలోనైనా, ఆసుపత్రి వరసలోనైనా పెదాలు నీలంగా మారుతున్నా సరే, కాసేపు కూర్చుంటానని నోరు తెరిచి అడిగేది కాదు. నలుగురూ జాలిగా చూడటం దానికి గిట్టదు. మేమే గమనించి కుర్చీ తెచ్చివ్వాలి. అప్పుడు కూడా మొహం ముడుచుకునేది.

అలాంటి పిల్లకు ప్రాణమైపోయింది ఇంటర్నెట్‌లో ప్రతి ఆదివారం వచ్చే ఒక బొమ్మల కథ. అందులో గోరింక అనే పిల్ల పొరపాటున వేరే ఊళ్లో బస్సు దిగి, ఇల్లు వెతుక్కుంటూ తిరుగుతుంటుంది. ప్రతి పేజీ చివరా "ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అని చదివేవాళ్లనే అడుగుతుంది. మనం సలహాలు రాయాలి. బొమ్మలు వేసే ఆవిడ వాటిలో ఒకటి ఎంచుకుని తర్వాతి పేజీ గీసేది. సలహా ఇచ్చినవాళ్ల పేరు బొమ్మ కింద వేసేది.

అందరూ ఆ గోడ దూకమను, ఆ తాళం పగలగొట్టమను అని తెలివితేటలు చూపించేవారు. మౌనిక మాత్రం వారం వారం ఒకటే రాసేది: "గోరింకను జర కూసోమను."

పాఠకుల గ్రూపులో అందరికీ అదొక వేళాకోళం అయిపోయింది. కాకినాడలో ఉండే రిటైర్డ్ మాస్టారు ఒకాయన, "మౌనికమ్మా, గోరింక కూర్చుంటే కథ కూడా చతికిలబడుతుందమ్మా!" అని రాసేవారు. మౌనిక పకపకా నవ్వేది. మళ్లీ ఆదివారం అదే రాసేది. దాని పేరు బొమ్మ కింద ఎప్పుడూ పడలేదు.

"వేరే ఏదన్న రాయరాదే, పిచ్చిదానా," అన్నాను ఒకసారి.

"ఎన్ని రోజుల సంది నడుస్తుందక్కా ఆ పిల్ల! కాళ్లు గుంజయా? ఎవ్వరికన్న సోయి ఉన్నదా?" అంది.

తర్వాత ఒక ఆదివారం కొత్త పేజీ రాలేదు. కథ ఇక్కడితో ఆపేస్తున్నాననీ, క్షమించమనీ రెండు ముక్కలు రాసి ఆవిడ వెళ్లిపోయింది. చివరి బొమ్మలో గోరింక తాళం వేసిన ఒక ఇంటి ముందు, భుజాన సంచితో నిలబడి ఉంది. తల పక్కన ఎప్పటిలాగే ఆ ప్రశ్న.

గ్రూపులో వాళ్లు ఇంట్లో మనిషి పోయినంత బాధపడ్డారు. బొమ్మ గీసేవాళ్లు లేరని తెలిసినా, ఆదివారం పొద్దున్నే సలహాలు రాయడం మాత్రం మానలేదు. అలవాటై కొందరు, ఆశ చావక కొందరు. మౌనిక ఆ రోజు అన్నం ముట్టలేదు. "ఆ పిల్లను నిలవెట్టి పోయిన్రక్కా," అని ఏడ్చింది. ఆ చివరి బొమ్మను నాకు పంపి, తన ఫోన్‌కు వాల్‌పేపర్‌గా పెట్టుకుంది.

వానాకాలం మొదట్లో మౌనిక పోయింది. నేను చంకనెత్తుకుని పెంచిన పిల్ల. ఇంతకంటే రాయడం నా వల్ల కాదు.

అమ్మకు చదువు రాదు. చెల్లి ఫోన్‌కు రోజూ ఛార్జింగ్ పెట్టేది. బటన్ నొక్కి, వెలుగుతున్నంతసేపూ ఆ బొమ్మను చూసేది. "నా బిడ్డ ఫోన్ల పిల్ల" అని పేరు పెట్టుకుంది. అమ్మకు ఆ కథ ఏమిటో తెలియదు, ఆ సలహా సంగతీ తెలియదు.

దినాలు గడిచాక ఒక ఆదివారం ఆ ఫోన్ తీసి గ్రూపు చూశాను. మౌనిక ఏమైంది, ఎందుకు రాయడం లేదు అని బోలెడు మంది అడిగి ఉన్నారు. నేను వాళ్ల అక్కనని చెప్పి, జరిగింది రాశాను.

ముందుగా కాకినాడ మాస్టారు రాశారు. ఓదార్పు మాటలేం కాదు. "గోరింకను జర కూసోమను." అచ్చం మా మాటలోనే. ఆ వెనకే శ్రీకాకుళం అమ్మాయి ఒకరు అదే రాశారు. ఆ తర్వాత నేనెప్పుడూ పేరు వినని వాళ్లు కూడా వరసగా అదే. ఆ వారం ఇంకో సలహా ఎవరూ ఇవ్వలేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఫోన్ అమ్మ దగ్గర పెట్టి, బియ్యం కడగడానికి వంటింట్లోకి వెళ్లాను.

కాసేపటికి అమ్మ పిలిచింది. "బిడ్డా, జర ఇటు రా. ఈ పిల్ల కూసున్నదే!"

అమ్మకు మతి చెదిరిందేమోనని భయపడుతూ వెళ్లాను. పట్టపగలు. వాకిట్లో ఎండ కూడా ఉంది.

అదే ఇల్లు, అదే తాళం. గోరింక గడప మీద కూర్చుని ఉంది. చెప్పులు విడిచి పక్కన పెట్టింది. సంచి ఒళ్లో ఉంది. కాళ్లు బారజాపుకుంది. తల పక్కన ఏ ప్రశ్నా లేదు.

గ్రూపులో ఎవరో గీసి పంపారనుకున్నాను. అడిగితే ఎవరూ గీయలేదన్నారు. పంపినా వాల్‌పేపర్ దానంతటదే మారదు కదా. అమ్మకు బటన్ నొక్కడం తప్ప ఇంకేం రాదు. ఫోన్‌లో దాచుకున్న పాత బొమ్మ తెరిచి చూశాను. తేదీ పాతదే, గోరింక మాత్రం కూర్చునే ఉంది. నా ఫోన్‌కు మౌనిక పంపిన బొమ్మలో నిలబడి ఉంది. బస్టాండ్ దగ్గర సెల్ రిపేర్ చేసే అతను అటూ ఇటూ తిప్పి చూసి, "మీ చెల్లెనే ఎడిట్ చేసి పెట్టుకున్నదేమో మేడం," అన్నాడు. అంత తేలిగ్గా తేలిపోతే నాకూ బాగానే ఉండేది. కానీ ఆ పొద్దున నేను ఫోన్ తెరిచినప్పుడు ఆ పిల్ల నిలబడి ఉండటం నా కళ్లతో చూశాను. అమ్మ అన్ని రోజులూ చూసింది.

చివరికి బొమ్మలు వేసే ఆవిడకే పంపాను. చాలా రోజులకు జవాబు వచ్చింది. "గీత నాదే. కానీ ఈ బొమ్మ నేను వెయ్యలేదు. మీ చెల్లి సలహా ప్రతి వారం చదివేదాన్ని. ఏమీ జరగని పేజీ ఎవరు చూస్తారులే అనుకున్నాను."

నేను దయ్యమనీ అనను, దేవుడనీ అనను. నాకు అర్థం కాలేదు, అంతే. అమ్మ మాత్రం రోజూ ఒకసారి ఫోన్ వెలిగించి చూసి, "కూసున్నది," అని నాకు వినబడేలా చెబుతుంది. నేను చూడను. భయపడేది దయ్యానికి కాదు. ఎప్పుడైనా నేను చూసేసరికి ఆ పిల్ల మళ్లీ లేచి నిలబడి ఉంటే, తట్టుకోలేను.