డైరీ మొదటి పేజీలో శని

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇంటర్ రెండో సంవత్సరమంతా నా డైరీ మొదటి పేజీలో, నా పేరు ఉండవలసిన చోట, ‘సాటర్నైన్’ అని ఉండేది. నిన్న గుంటూరులో మిరపకాయల లారీ వెనక ఆటోలో ఇరుక్కుని, ఘాటుకు దగ్గుతూ కళ్ళు తుడుచుకుంటుంటే ఆ పేజీ గుర్తొచ్చింది. దాంతోపాటు, మార్టూరులో మాకు ఇంగ్లీషు చెప్పిన సుగుణ మేడం కూడా.

ఆ ఏడు మొదట్లో ఒకరోజు ఆవిడ గ్రహాల నుంచి పుట్టిన ఇంగ్లీషు మాటలు బోర్డు మీద రాశారు. గురుగ్రహం పేరు మీద సరదా మనిషి జోవియల్. బుధుడి పేరు మీద ఘడియకో తీరుగా మారేవాడు మెర్క్యూరియల్. శని పేరు మీద దిగులుగా, ముభావంగా ఉండేవాడు సాటర్నైన్. వెంటనే వెనక బెంచీ నుంచి, “మేడం, ఎగ్జాంపుల్ ఇక్కడే కూర్చుందండీ!” అని వినిపించింది. క్లాసంతా నావైపు తిరిగి నవ్వింది. మేడం డస్టర్‌ని బల్లకేసి కొట్టారు. “మాట్లాడని పిల్ల కనబడితే చాలు, శనిని అంటగట్టడం! ఈ విషయంలో ఇంగ్లీషు దొరలకీ మనకీ ఒకటే తెలివి.” నేను మాత్రం నమ్మేశాను. ఇంట్లో అమ్మ ఎలాగూ శని ముఖం అనేది. ఇంగ్లీషులోనూ ఆ మాట ఉందంటే ఇక నిజమే అనుకున్నాను.

పరీక్షలయ్యాక గుంటూరులో డిగ్రీ చదవాలని ఫారం తెచ్చుకున్నాను. నా జాతకం చూసిన పంతులుగారు ఏలినాటి శని పట్టిందని, ఏడున్నరేళ్ళు చదువు అచ్చిరాదని చెప్పారు. నాన్న ఫారం తీసి అటక మీద పెట్టాడు. అది తెలిసి మేడం మిట్టమధ్యాహ్నం మా కల్లానికి వచ్చారు. నాన్న, అమ్మ, నేను ఆఖరి కోత మిరపకాయలు ఆరబోస్తున్నాం.

“మీరు ఇంగ్లీషు చెప్పుకోండి మేడంగారూ. జాతకాలు మాకొదిలెయ్యండి,” అన్నాడు నాన్న.

“నిరుడు మీ పత్తికి కాయే పట్టలేదు కదండీ. శని అని ఊరుకున్నారా?”

“ఎందుకూరుకుంటాం? కల్తీ విత్తనాలమ్మినోడి కొట్టు ముందు రెండ్రోజులు కూర్చున్నాం!”

“పత్తికైతే కొట్టువాడు, పిల్లకైతే శనా?”

నాన్న చేతులు దులుపుకుని నావైపు తిరిగాడు. “ఏమ్మా, నువ్వు చెప్పు. వెళ్తావా?”

“అదేం చెబుద్దయ్యా, నోట్లో నాలుకుంటేగా!” అంది అమ్మ.

నేను తల వంచుకుని కాయలు సర్దసాగాను. మేడం చెప్పులేసుకుని నడిచారు. ఎండలో పోతున్న ఆవిడ వీపు చూస్తుంటే ఒళ్ళు మండింది. పంతులు మీద, అమ్మ మీద, అందరికంటే ఎక్కువగా ఆ మొదటి పేజీ రాసుకున్న నా మీద. “వెళ్తాను నాన్నా!” అని అరిచాను. మిరప కోరు ఘాటుగా గొంతుకు పట్టి ఆ వెంటే దగ్గు. సాయంత్రం ఫారం అటక దిగింది.

ఆ మంట ఇప్పటికీ ఆరలేదు. నెమ్మదైన అమ్మాయికి ఎవరైనా గ్రహం పేరు పెడితే ఊరుకోను. అడ్డం పడతాను.

నేను గుంటూరు బస్సెక్కిన రోజు మేడం వచ్చారు. తర్వాత ఆవిడకు బదిలీ అయింది, మళ్ళీ కలవలేదు. ఆ రోజు బస్సు కదులుతుంటే కిటికీ ఊచ పట్టుకుని నాలుగడుగులు నడిచారు.

“అక్కడెవరైనా నీది ఏ గ్రహమని అడిగితే భూమి అని చెప్పవే. పంతుళ్ళ తొమ్మిదింట్లో అది లేదు.”